బయట ఎండ కాస్తోంది, రేపటి ఫ్లైట్ ఇవాళే తీసేశారు. అమ్మానాన్న ఇంకా హైదరాబాద్‌లోనే ఉన్నారు

రోచెస్టర్_సుధ (డిసెంబర్ 22, ఉదయం 9:10)
పొద్దున ఎనిమిదింటికి మెయిల్ వచ్చింది. రేపు సాయంత్రం న్యూయార్క్ జేఎఫ్‌కే ఎయిర్‌పోర్ట్ నుంచి రోచెస్టర్ వచ్చే ఫ్లైట్ క్యాన్సిల్. కారణం దగ్గర 'వాతావరణం' అని ఒక్క మాట. కిటికీ తెర తీస్తే ఎండ కాస్తోంది, ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. రేపు మధ్యాహ్నం నుంచి స్నో పడుతుందని ఫోర్‌కాస్ట్‌లో ఉన్న మాట నిజమే. కానీ అది రేపటి సంగతి కదా! తీరా పడకపోతే?

ఆ ఫ్లైట్‌లో రావాల్సింది మా అమ్మానాన్న. శంషాబాద్‌లో అక్కడి టైమ్ ప్రకారం రేపు తెల్లవారుజామున ఎక్కి, దోహా మీదుగా రేపు మధ్యాహ్నం రెండున్నరకు జేఎఫ్‌కేలో దిగుతారు. అక్కడి నుంచి రోచెస్టర్‌కు విడిగా టికెట్ కొన్నాను, కలిపి కొంటే బాగా ఎక్కువ అవుతోందని. ఇప్పుడు ఎయిర్‌లైన్ వాళ్ళే, మమ్మల్ని అడక్కుండా, 26వ తేదీ పొద్దుటి ఫ్లైట్‌కు మార్చేశారు. మూడు రాత్రులు ఇద్దరు పెద్దవాళ్ళు న్యూయార్క్‌లో ఎక్కడ ఉంటారు? అమ్మకు ఇదే మొదటి విమాన ప్రయాణం. నాన్నకు షుగర్, ఇన్సులిన్ మీద ఉన్నారు. ఫోన్ చేస్తే రెండు గంటల నలభై నిమిషాలు ఆగమంటోంది.

ఇంకో మూడు గంటల్లో వాళ్ళు ఇంట్లోంచి బయల్దేరతారు. ఆపేయమని చెప్పాలా, రమ్మనాలా? తెలిసినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

డల్లాస్_రామం
ఆపకండి. పండగ వారంలో ఇంటర్నేషనల్ టికెట్ వదులుకుంటే మళ్ళీ సంక్రాంతి దాకా సీటు దొరకదు.

కోనసీమ_కిరణ్
ఇది వీళ్ళకు అలవాటే. 'వాతావరణం' అని రాసేస్తే హోటల్ ఇవ్వక్కర్లేదు, భోజనం పెట్టక్కర్లేదు. చినుకు పడకముందే గొడుగు మడిచి దుకాణం కట్టేసినట్టుంది. నిరుడు మా ఆవిడకూ, పిల్లలకూ ఇలాగే అయింది. ముందురోజే తీసేశారు. తెల్లారి చూస్తే స్నో మొత్తం ఉత్తరానికి తప్పుకుంది, అదే రూట్‌లో వేరే కంపెనీ ఫ్లైట్లు హాయిగా తిరిగాయి. హోటల్‌కు రెండు రాత్రులు మేమే కట్టుకున్నాం.

ఎడిసన్_అన్నయ్య
సుధ గారూ, ముందు కంగారు పడకండి. మేం ఉండేది న్యూజెర్సీ ఎడిసన్‌లో. జేఎఫ్‌కే మాకు నలభై మైళ్ళు, ట్రాఫిక్ ఉంటే గంటన్నర. రేపు నాకు సెలవే. అమ్మగారినీ నాన్నగారినీ నేను తీసుకొస్తాను, ఎన్ని రోజులైనా మా ఇంట్లో ఉండొచ్చు. ఫోన్ నంబర్ ఇక్కడ పెట్టకండి, ప్రైవేట్ మెసేజ్ పంపండి.

విమానాల_వాసు
నేను ఒక ఎయిర్‌లైన్ ఆపరేషన్స్ సెంటర్‌లో ఏడేళ్ళు పనిచేశాను, ఇప్పుడు మానేశాను. కిరణ్ గారి కోపం నాకు అర్థమైంది. కానీ ముందురోజే తీసేయడం వెనుక లెక్క ఉంది. కాస్త ఓపిగ్గా చదవండి.

మంచు పడుతున్నప్పుడు విమానం ఎగరలేక కాదు. ఎయిర్‌పోర్ట్ పని నెమ్మదిస్తుంది. రన్‌వే మీద మంచు తీసే బండ్లు తిరుగుతున్నంతసేపూ ఆ రన్‌వే మూసెయ్యాలి. గంటకు ఇన్ని విమానాలే దిగాలని ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన శాఖ) కోత పెడుతుంది. ఆ కోతలో పెద్ద విమానాలకు చోటు మిగలాలంటే చిన్నవి తీసెయ్యాలి. రోచెస్టర్, సిరాక్యూస్ లాంటి ఊళ్ళకు వెళ్ళేవి యాభై నుంచి డెబ్బై ఆరు సీట్ల రీజనల్ జెట్లు. అందుకే మొదటి వేటు ఎప్పుడూ వాటి మీదే.

ఇక డీఐసింగ్. రెక్కల మీద ముందు వేడివేడి ఆరెంజ్ రంగు ద్రవం కొడతారు, అది ఉన్న మంచును కరిగిస్తుంది. ఆ తర్వాత ఆకుపచ్చ ద్రవం. చిక్కగా జిగురుగా రెక్కకు అంటుకుని, కొత్తగా పడే మంచును ఆపుతుంది. కానీ దానికి గడువుంది. చలి ఎంత, మంచు ఎంత గట్టిగా పడుతోంది అన్నదాన్ని బట్టి పట్టిక చూసి నిమిషాల్లో లెక్క కడతారు. టేకాఫ్ లైన్లో నిలబడి ఉండగా ఆ గడువు దాటిపోతే వెనక్కి తిరిగి మళ్ళీ కొట్టించుకోవాలి. ఒక్కో విమానానికి అలా రెండుసార్లయితే లైన్ మొత్తం కుదేలు.

ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో రెక్కల మీద మంచుతోనే లేచిన విమానం పొటోమాక్ నది మీది వంతెనకు తగిలి నదిలో పడింది. వంతెన మీదవాళ్ళతో కలిపి 78 మంది పోయారు. 1992 మార్చి 22న న్యూయార్క్ లాగార్డియా ఎయిర్‌పోర్ట్‌లో ఇంకొకటి. డీఐసింగ్ అయ్యాక దాదాపు 35 నిమిషాలు లైన్లో ఆగింది, ఈలోపు మళ్ళీ మంచు పట్టింది. 51 మందిలో 27 మంది చనిపోయారు.

పాలకొల్లు_పద్మ
వాసు గారి పోస్ట్ చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. అమ్మానాన్నలు వారం ఆలస్యమైనా సరే, క్షేమంగా రావాలి సుధా.

కోనసీమ_కిరణ్
రెక్కల మీద మంచుంటే ఎగరమని నేనెక్కడ అన్నాను? నా ప్రశ్న వేరే. మంచే పడకముందు, 24 గంటల ముందు ఎందుకు? రేపు పొద్దున చూసి చెప్పొచ్చుగా?

విమానాల_వాసు
అదే చెబుతున్నా కిరణ్ గారూ.

రేపు పొద్దున దాకా ఆగితే ఏమవుతుందో చెబుతాను. సాయంత్రం రోచెస్టర్ వెళ్ళాల్సిన విమానం పొద్దున ఎక్కడో ఉంటుంది. వర్జీనియాలో అనుకోండి. పైలట్లు ఇంకో ఊళ్ళో. వాళ్ళ డ్యూటీకి చట్టం పెట్టిన హద్దు ఉంది. ఎన్నింటికి మొదలుపెట్టారు, ఎన్ని ట్రిప్పులు అన్నదాన్ని బట్టి తొమ్మిది నుంచి పద్నాలుగు గంటలు. డీఐసింగ్ లైన్లో మూడు గంటలు కూర్చుంటే ఆ గంటలు కరిగిపోతాయి. అప్పుడు విమానం ఉన్నా నడిపేవాడు ఉండడు. రోచెస్టర్ వెళ్ళి అక్కడే మంచులో ఇరుక్కుంటే, 24వ తేదీ పొద్దున ఆ విమానం చేయాల్సిన ఐదారు ట్రిప్పులు కూడా పోతాయి. ఆ ట్రిప్పులు మంచుతో సంబంధం లేని ఊళ్ళవి. ఫ్లోరిడాలో ఎండలో నిలబడ్డవాడికి ఫ్లైట్ ఎందుకు లేదో అర్థం కాదు.

ముందే తీసేస్తే విమానాలను, సిబ్బందిని మంచు పడని ఊళ్ళకు చేర్చుకోవచ్చు. మంచు ఆగిన వెంటనే షెడ్యూల్ మొదలవుతుంది.

ఇంకో సంగతి. 2007 ఫిబ్రవరి 14న ఇదే జేఎఫ్‌కేలో జెట్‌బ్లూ ముందే తీసేయకుండా, వాతావరణం కుదుటపడుతుందన్న ఆశతో విమానాలను గేటు నుంచి కదిలించింది. పడింది మంచు కాదు, గడ్డకట్టే వాన. జనం విమానాల్లోనే తొమ్మిది పది గంటలు కూర్చుండిపోయారు. దేశమంతా గగ్గోలు. అలాంటివి మరికొన్ని జరిగాక 2010 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం రూల్ తెచ్చింది: దేశంలోపలి ఫ్లైట్‌లో జనాన్ని మూడు గంటలకు మించి నేల మీద కూర్చోబెట్టి ఉంచకూడదు, దిగే అవకాశం ఇవ్వాలి. జరిమానా మొదట్లో ఒక్కో ప్రయాణికుడికి 27,500 డాలర్ల దాకా పెట్టారు. ఆ తర్వాత ఏ కంపెనీ అయినా సందేహం ఉంటే ముందే తీసేస్తోంది.

డల్లాస్_రామం
2022 డిసెంబర్ గుర్తుందా అందరికీ? సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్. మంచు రెండు మూడు రోజుల్లో ఆగింది, మిగతా కంపెనీలన్నీ లేచి నిలబడ్డాయి. వాళ్ళ పైలట్లు ఎక్కడున్నారో వాళ్ళ సాఫ్ట్‌వేర్‌కే తెలియలేదు. 16,900 ఫ్లైట్లు పోయాయి, 20 లక్షల మందికి పైగా ఇరుక్కున్నారు. మరుసటి ఏడాది ప్రభుత్వం 14 కోట్ల డాలర్ల పెనాల్టీ వేసింది. మా డల్లాస్‌లో ఆ వారం సూట్‌కేసుల గుట్టల ఫోటోలు చూడని ఇల్లు లేదు.

కోనసీమ_కిరణ్
చూశారా రామం గారూ, అది మంచు తప్పా? అది కంపెనీ తప్పు. అయినా మొదట్లో వాళ్ళు కూడా వాతావరణం అనే అన్నారు. నేను చెప్పేదీ అదే.

రోచెస్టర్_సుధ
వాసు గారూ, మీరు చెప్పింది అర్థమైంది, కాస్త కోపం తగ్గింది. కానీ నాకు ఇప్పుడు కావాల్సింది రేపటి సంగతి.
ఎడిసన్ అన్నయ్యా, మీ మెసేజ్ చూసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ ముక్కూమొహం తెలియని మీ ఇంటికి, పండగపూట, ఇద్దరు పెద్దవాళ్ళను ఎలా పంపను? మీకెంత ఇబ్బంది?

బఫెలో_భవాని
సుధా, అన్నయ్య వాళ్ళింట్లో నేనే నాలుగు రోజులు ఉన్నాను. వాళ్ళావిడ బంగారం లాంటి మనిషి. మొహమాటపడి పెద్దవాళ్ళను ఎయిర్‌పోర్ట్ హోటల్లో పెట్టకు.

2022లో నా సంగతి చెబుతాను. డిసెంబర్ 23న మా అత్తగారూ మామగారూ బఫెలో రావాలి. ముందురోజే క్యాన్సిల్ అని మెసేజ్. నేనూ నీలాగే మండిపడ్డాను. ఆయన 'పోనీ కారులో వెళ్ళి న్యూయార్క్ నుంచి తీసుకొచ్చేద్దాం' అన్నారు, తాళాలు కూడా తీశారు. పక్కింటి పెద్దాయన చేయి పట్టుకుని ఆపాడు. మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు కార్లు తిరగకూడదని నిషేధం పెట్టారు. ఆ తర్వాత మా వీధిలో ఎదురింటి దీపం కూడా కనబడలేదు. గాలి ఎంతంటే కిటికీ చెక్క కొట్టుకుని కొట్టుకుని ఊడిపోయింది. మా ఎయిర్‌పోర్ట్‌లో ఆ తుఫానుకు 51.9 అంగుళాలు కొలిచారు, 28వ తేదీ దాకా తెరవలేదు. మా ఎరీ కౌంటీలోనే 47 మంది పోయారు, కార్లలో ఇరుక్కుని కొందరు, కరెంటు లేక ఇళ్ళలో కొందరు.

ఆ ఫ్లైట్ క్యాన్సిల్ చేయకుండా ఎక్కించి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

పాలకొల్లు_పద్మ
భవాని చెప్పినదాంట్లో ముఖ్యమైనది ఒకటుంది సుధా. ఫ్లైట్ పోయిందని కారు తీయొద్దు. మీ వైపు లేక్ ఎఫెక్ట్ స్నో, అదే సరస్సు మీది తేమతో కురిసే మంచు, ఎలా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు. ఈ వీధిలో ఎండ, పై వీధిలో అడుగు మందం.

రోచెస్టర్_సుధ
మా ఆయన సరిగ్గా అదే అంటున్నారు అక్కా, 'ఆరు గంటల డ్రైవే కదా' అని. ఈ పోస్ట్ చూపిస్తాను.

విమానాల_వాసు
సుధ గారూ, ఇప్పుడు పని సంగతి. ఆ 26వ తేదీ టికెట్ గురించి యాప్‌లో 'అంగీకరిస్తున్నాను' అని నొక్కకండి. నొక్కితే కొత్త టికెట్‌కు మీరు ఒప్పుకున్నట్టు లెక్క. ఒప్పుకోకపోతే పూర్తి డబ్బు వెనక్కి వస్తుంది. నాన్ రిఫండబుల్ టికెట్ అయినా సరే, కారణం వాతావరణమైనా సరే. ఫ్లైట్ తీసేసింది వాళ్ళు కాబట్టి. 2024 అక్టోబర్ 28 నుంచి ఈ రూల్ అమల్లో ఉంది. కార్డుతో కొంటే ఏడు పనిదినాల్లో, వేరేలా కడితే ఇరవై రోజుల్లో ఇవ్వాలి. వోచర్ ఇస్తామంటారు, అక్కర్లేదు, డబ్బే కావాలని చెప్పండి. లగేజీకి ముందే కట్టి ఉంటే అది కూడా.

కాకపోతే వేరే దారి ఖాయం చేసుకునేదాకా 26 టికెట్‌ను అలాగే ఉండనివ్వండి. ఏమీ లేనిదానికంటే అది నయం.

లాహిరి_టొరంటో
మా కెనడాలో అయితే మంచు కారణమైనా 48 గంటల్లో సీటు చూపించలేకపోతే రీబుకింగో, డబ్బు వెనక్కో మనం ఎంచుకోవచ్చు. 2022 సెప్టెంబర్ నుంచి. యూరప్‌లో ఇంకా నయం, మంచైనా తుఫానైనా ఆగిపోయినన్ని రాత్రులూ హోటల్, భోజనం కంపెనీదే. అమెరికాలో వాతావరణం అంటే హోటల్ ఇవ్వాలన్న చట్టమే లేదు. కిరణ్ గారి బాధ అక్కడే ఉంది, అది న్యాయమైన బాధే.

కోనసీమ_కిరణ్
థాంక్స్ లాహిరి గారూ. ఒక్కరైనా అన్నారు.

శంషాబాద్_శ్రీను
ఇక్కడ కూడా ఇదే కథ, మంచు బదులు పొగమంచు. డిసెంబర్, జనవరి వచ్చిందంటే ఢిల్లీ ఫ్లైట్లు తెల్లవారుజామున ఎప్పుడు లేస్తాయో ఎవరికీ తెలియదు. దిగడానికి క్యాట్ త్రీ పరికరాలు ఉంటాయి, యాభై మీటర్లు కనబడినా దింపొచ్చు. కానీ ఆ ట్రైనింగ్ ఉన్న పైలట్ కావాలి కదా. పొగమంచు రోజుల్లో ట్రైనింగ్ లేని పైలట్లను వేశారని 2024 జనవరిలో ఎయిర్ ఇండియాకూ, స్పైస్‌జెట్‌కూ మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చెరో 30 లక్షలు జరిమానా వేసింది.

సుధ అక్కా, నేను ఎయిర్‌పోర్ట్ దగ్గర క్యాబ్ నడుపుతాను. ప్రతి రాత్రీ అమెరికా వెళ్ళే పెద్దవాళ్ళను దింపుతుంటాను. ఒక్క మాట చెప్పండి వాళ్ళకు. ఇన్సులిన్, మందులు, చీటీ, రెండు రోజుల బట్టలు, స్వెటర్లు, ఇవన్నీ చేతిసంచిలోనే. పెద్ద పెట్టెలో పెట్టేసి తర్వాత ఏడ్చినవాళ్ళను చాలామందిని చూశాను. అక్కడ తీసుకెళ్ళబోయే అన్నగారి పేరు, అడ్రస్ ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాయించి నాన్నగారి చొక్కా జేబులో పెట్టించండి. ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా కాగితం ఉంటుంది.

రోచెస్టర్_సుధ
శ్రీను తమ్ముడూ, ఇప్పుడే ఫోన్ చేశాను. ఇన్సులిన్ నిజంగానే పెద్ద పెట్టెలో, పచ్చళ్ళ డబ్బా పక్కన ఉందట! చల్లగా ఉంటుందని అమ్మ అక్కడ పెట్టిందట. తాళం తీసి మళ్ళీ సర్దుతున్నారు. నీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

శంషాబాద్_శ్రీను
అయ్యో, దండాలెందుకక్కా. విమానం పొట్టలో పెడితే ఇన్సులిన్ గడ్డకట్టి పాడవుతుందని మా డాక్టరమ్మ ఒకసారి కారులో చెప్పింది, గుర్తుండిపోయింది.

డల్లాస్_రామం
ఇది ఒక్కటి చాలు ఈ వేదిక ఉన్నందుకు.

ఎడిసన్_అన్నయ్య
సుధ గారూ, ఒక ఆలోచన. 26 దాకా ఎందుకు ఆగడం? రైలు ఉంది. న్యూయార్క్ మొయినిహన్ స్టేషన్ నుంచి రోచెస్టర్‌కు ఆమ్‌ట్రాక్ రోజూ వెళ్తుంది, ఏడు గంటల పైచిలుకు. విమానంతో పోలిస్తే మంచును బాగా తట్టుకుంటుంది. 24 పొద్దుటి బండిలో ఇప్పుడే చూశాను, సీట్లున్నాయి కానీ వేగంగా అయిపోతున్నాయి. ఒక్కొక్కరు యాభై పౌండ్ల పెట్టెలు రెండేసి పట్టుకెళ్ళొచ్చు. మనవాళ్ళు ఇండియా నుంచి తెచ్చే 23 కేజీల పెట్టె దాదాపు యాభై పౌండ్లే. స్టేషన్లో ఎర్ర టోపీల పోర్టర్లు ఉంటారు, పెద్దవాళ్ళను ముందుగా బండి ఎక్కిస్తారు. నేను దగ్గరుండి ఎక్కిస్తాను.

బఫెలో_భవాని
నేనూ రైలే చెబుదామనుకున్నా. కుడివైపు కాదు, ఎడమవైపు కిటికీ సీట్లో కూర్చోబెట్టు అన్నయ్యా. ఆల్బనీ దాకా హడ్సన్ నది పక్కనే వస్తుంది.

రోచెస్టర్_సుధ
రెండు టికెట్లు తీసేశాను! సీటు నంబర్లు లేవు, ముందెక్కినవాళ్ళదే కిటికీ అంట. వాసు గారూ, ఇప్పుడు 26 టికెట్ వద్దని చెప్పొచ్చా?

విమానాల_వాసు
వాళ్ళు జేఎఫ్‌కేలో దిగి, 24న రైలు కదిలాక చెప్పండి. ఫ్లైట్ టైమ్ లోపు చెబితే చాలు, డబ్బు ఎక్కడికీ పోదు. మెయిల్, యాప్ స్క్రీన్ రెండూ ఫోటో తీసి పెట్టుకోండి. మీ క్రెడిట్ కార్డుకు ట్రిప్ డిలే ఇన్సూరెన్స్ ఉందేమో చూడండి. కొన్ని కార్డులు ఇలాంటప్పుడు హోటల్, భోజనం బిల్లులు ఇస్తాయి.

ఇంకొకటి, అందరికీ పనికొచ్చేది. మీలా ఇంటర్నేషనల్ టికెట్ ఒకటి, లోపలి టికెట్ ఇంకొకటి విడివిడిగా కొంటే ఒకటి పోయినా రెండోవాళ్ళకు సంబంధం ఉండదు. డిసెంబర్, జనవరి, ఫిబ్రవరిలో పెద్దవాళ్ళు వస్తుంటే కాస్త ఎక్కువైనా ఒకే టికెట్ మీద చివరి ఊరి దాకా తీసుకోండి. అప్పుడు గమ్యం చేర్చే బాధ్యత వాళ్ళదే అవుతుంది.

కోనసీమ_కిరణ్
వాసు గారూ, మీతో ఒక విషయంలో ఇంకా ఒప్పుకోను. ముందే తీసేయడం సబబే, సరే. కానీ తీసేసినవాడు మనిషిని ఫోన్లో రెండు గంటల నలభై నిమిషాలు ఎందుకు ఉంచాలి? మంచు వస్తుందని వాళ్ళకు ఒక రోజు ముందే తెలుసుగా, ఫోన్ ఎత్తే మనుషులను కూడా ఒక రోజు ముందే పెంచుకోవచ్చుగా?

విమానాల_వాసు
దీనికి నా దగ్గర సమాధానం లేదు కిరణ్ గారూ. మేం లోపల ఉన్నప్పుడూ అదే అడిగేవాళ్ళం. విమానాలకూ సిబ్బందికీ ప్లాన్ ఉండేది, జనానికి ఉండేది కాదు. మీరన్నది నూటికి నూరు పాళ్ళు నిజం.

పాలకొల్లు_పద్మ
నేను ఒకసారి అట్లాంటాలో ఒక రాత్రంతా ఉండిపోయాను, ఒంటరిగా. అప్పుడు నాకు 62. ఇంగ్లిష్ చదవగలను కానీ స్పీకర్లో చెప్పేది ఒక్క ముక్క అర్థం కాలేదు. జనమంతా లేచి ఒక వైపు పరిగెత్తితే నేనూ వాళ్ళ వెనకాలే. వీల్‌చైర్ అబ్బాయి నన్ను గేటు దగ్గర దింపి వెళ్ళిపోయాడు, ఆ గేటు మారిపోయింది. మా అబ్బాయి ఫోన్ చేసి 'అమ్మా, ఏ గేటు' అంటే అంకె చెప్పడానికి కూడా నోరు రాలేదు. ఒక నల్లజాతి ఆవిడ, అక్కడ నేల తుడిచే ఆవిడ, పని ఆపి నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. తెల్లారే దాకా గంటకోసారి వచ్చి చూసి వెళ్ళింది.

అందుకే చెబుతున్నా సుధా, ముందురోజే చెప్పడం మంచిదే. నాకు గేటు దగ్గర కూర్చున్న నాలుగు గంటల తర్వాత చెప్పారు.

లాహిరి_టొరంటో
పద్మ పిన్నిగారూ, చదువుతుంటే గుండె పిండేసినట్టయింది.

రోచెస్టర్_సుధ (డిసెంబర్ 22, సాయంత్రం 5:40)
శంషాబాద్‌లో ఫ్లైట్ లేచింది. అమ్మ ఎక్కేముందు ఫోన్ చేసి 'ఎవరింటికో వెళ్తున్నాం, ఖాళీ చేతులతో ఎలా? పూతరేకులు వాళ్ళకిచ్చేస్తున్నా, నీకు మళ్ళీ పంపుతా' అంది.

ఎడిసన్_అన్నయ్య
మా ఆవిడ ఈ పోస్ట్ చదివి ఇప్పటికే పక్కింటివాళ్ళకు చెప్పేసింది.

కోనసీమ_కిరణ్
ఆత్రేయపురంవే కదా? మా ఊరికి దగ్గరే. ఒకటి నా పేరు చెప్పుకుని తినండి అన్నయ్యా.

రోచెస్టర్_సుధ (డిసెంబర్ 23, రాత్రి 8:15)
ఇమిగ్రేషన్‌లో గంట పట్టింది. అన్నయ్య చేతిలో తెలుగులో పేర్లు రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డారట. ఇంగ్లిష్ అట్టల మధ్య తెలుగు కనబడగానే నాన్న 'అదిగో మనదే' అన్నారట. ఇప్పుడు అన్నం తిని పడుకున్నారు.

ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఎండే. కోపం మళ్ళీ వచ్చిన మాట నిజం. మూడింటికి స్నో మొదలైంది. ఇప్పుడు మా డ్రైవ్‌వేలో స్కేల్ పెట్టి చూశాను, ఏడు అంగుళాలు, ఇంకా పడుతూనే ఉంది. వీధి లైటు చుట్టూ తప్ప ఏమీ కనబడటం లేదు. వాళ్ళ ఫ్లైట్ దిగాల్సిన టైమ్ ఇదే.

బఫెలో_భవాని
మా దగ్గర మూడే అంగుళాలు. ఈసారి మీ సరస్సుకు కోపం వచ్చినట్టుంది.

రోచెస్టర్_సుధ (డిసెంబర్ 24, సాయంత్రం 6:30)
చేరారు! రైలు గంటా నలభై నిమిషాలు లేటు. సిరాక్యూస్ దగ్గర పట్టాలు మారే చోట మంచు తీసేదాకా ఆపారట. నాన్న ఒక్కసారి కూడా విసుక్కోలేదు. దారంతా నదిలో మంచుపలకలు లెక్కపెట్టారట, అమ్మ నిద్రపోయిందట. ప్లాట్‌ఫామ్ మీద దిగగానే అమ్మ మొదట పాపను కాదు, కింద మంచును ముట్టుకుంది. ఉప్పులా ఉందే అంది.

26 టికెట్ వద్దని చెప్పేశాను, రిఫండ్ అడిగాను. యాప్‌లో మొదట వోచర్ బొమ్మే పెద్దగా చూపించింది. రిఫండ్ అన్న మాట కింద చిన్న అక్షరాల్లో ఉంది. వాసు గారు చెప్పకపోతే వోచర్ నొక్కేసేదాన్ని.

డల్లాస్_రామం
హమ్మయ్య. ఇక హాయిగా నిద్రపోండి.

కోనసీమ_కిరణ్
చాలా సంతోషం సుధ గారూ. ఆ వోచర్ స్క్రీన్ ఫోటో ఉంటే ఇక్కడ పెట్టండి, టికెట్ నంబర్ చెరిపేసి. తర్వాత వచ్చేవాళ్ళకు పనికొస్తుంది.

రోచెస్టర్_సుధ (జనవరి 2)
డబ్బు కార్డులోకి వచ్చేసింది, బ్యాగేజీ ఫీజుతో సహా. ఐదో పనిదినం.

ఎడిసన్_అన్నయ్య
సుధ గారూ, నాన్నగారి మంకీ క్యాప్ మా గెస్ట్ రూమ్ తలగడ కింద దొరికింది. రేపు పోస్ట్‌లో వేస్తున్నాను. ఈలోపు చెవులకు ఏదైనా కట్టుకోమనండి, మీ దగ్గర మళ్ళీ స్నో ఉందంటున్నారు.